ఎడమ కన్ను కొత్తదే

జనవరి 12

ఒసేయ్ చిన్నదానా,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదని మూతి ముడుచుకుని కూర్చుని ఉంటావు. కూర్చో. నిన్ను బుజ్జగించే తీరిక నాకు లేదు, చెప్పాల్సింది చాలా ఉంది. మా వెండిజడావిడ మా ఊరికి వచ్చి పాడింది.

చిన్నప్పుడు రేడియో దగ్గర మనం జుట్లు పట్టుకున్న రోజులు గుర్తున్నాయా. ఆవిడ పాట మొదలవగానే నువ్వు మీట తిప్పేసేదానివి, నీ గిటారాయన పాట రాగానే నేను తిప్పేసేదాన్ని. చివరికి నాన్న విసిగిపోయి రేడియోని బీరువాలో పెట్టి తాళం వేశాడు. అప్పుడావిడ జడ నల్లగా ఉండేది. ఇప్పుడు నడుము దాకా వెండిలా మెరిసిపోతోంది. గొంతు మాత్రం అలాగే ఉంది.

మీ బావని కూడా తీసుకెళ్ళాను. సంగీతమంటే గోడ గడియారం గంట కొట్టడమే అనుకునే మనిషి. మూడో పాటకే కునుకు తీశాడు. పాటలు ఆపి ఆవిడ కుర్చీలో కూర్చుని మాట్లాడ్డం మొదలుపెట్టాక లేచాడు. నేత్రదానం గురించి చెప్పింది. మనిషి పోయాక ఆరు గంటల్లోపు ఐ బ్యాంక్ వాళ్ళకి ఫోన్ చేస్తే చాలట, వాళ్ళే ఇంటికి వస్తారట. ముసలివాళ్ళైనా, కళ్ళజోడున్నా పరవాలేదట. కార్డు మీద సంతకం ఒక్కటీ సరిపోదని, పోయిన రోజున ఇంట్లోవాళ్ళు సరేననాలని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఇంట్లోవాళ్ళ కళ్ళు ఇచ్చినవాళ్ళని లేచి నిలబడమంది. హాల్లో అక్కడక్కడా కొందరు నిలబడ్డారు. అందరం చప్పట్లు కొట్టాం.

తర్వాత సంతకాలు. బల్ల వెనక ఆవిడే కూర్చుని, సంతకం పెట్టిన ప్రతివాళ్ళ చెయ్యీ పట్టుకుంది. మీ బావ లైన్లో నాకంటే ముందు వెళ్ళి నిలబడ్డాడు. మోకాళ్ళ నొప్పి మనిషి కదా, పని తెముల్చుకుని తొందరగా ఇంటికి పోదామని కాబోలు. ఏం చేస్తారని ఆవిడ అడిగింది. "గడియారాలు బాగుచేస్తానండీ. కుడి కన్ను భూతద్దంలో అరిగిపోయింది. ఎడమ కన్ను మాత్రం కొత్తదే, పనిలో ఉన్నంతసేపూ మూసే ఉంచాను" అన్నాడు. ఆవిడ పగలబడి నవ్వి, నా చెయ్యి కంటే ఎక్కువసేపు ఆయన చెయ్యి పట్టుకుంది. ఇంటికొచ్చేదాకా నాకు ఒళ్ళు మంట.

నీ గిటారాయన ఏం చేస్తున్నాడు? ఆస్పత్రుల దగ్గర హారన్ కొట్టొద్దని ఇంకా హితబోధలేనా? జవాబు వెంటనే రాయి. ఎప్పటిలాగే కొట్లో పని బల్ల దగ్గర మీ బావకి చదివి వినిపించాలి, కాస్త పైకి చదవదగ్గట్టు రాయి.

నీ అక్క

జనవరి 27

అక్కా,

నీ ఉత్తరం డిపోలో టిఫిన్ చేస్తూ చదివాను. నవ్వుతుంటే పొలమారింది, పక్కనున్న తోటి కండక్టర్లు వీపు మీద చరిచారు.

ముందు మా గిటారాయన సంగతి. హితబోధ అని తీసిపారేయకు. మా డ్రైవర్ పెద్దాయన హారన్ మీద చెయ్యి లేకపోతే స్టీరింగ్ తిప్పలేడు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, గిటారాయన బొమ్మ కత్తిరించి సరిగ్గా హారన్ మీద అతికించాను. మొహం మీద ఎలా కొడతాడు చెప్పు. ఆస్పత్రి మలుపు నుంచి బడి దాటేదాకా కిక్కురుమనకుండా నడిపాడు. దారికి మేక అడ్డం వస్తే నేనే దిగి తోలాను. బస్సులో వాళ్ళు నన్ను తిట్టిన తిట్లు నీకు రాయలేను, బావ వింటున్నాడు.

ఇక నీ సంగతి. నిజం చెప్పు, ఆవిడ చెయ్యి పట్టుకోవడానికే కదా కళ్ళు రాసిచ్చావు. కిడ్నీ అడిగినా అక్కడే పడుకునేదానివి. నువ్వంటే సరే, పిచ్చి ముదిరిన కేసు. మధ్యలో బావని ఎందుకు లాగావు. పెళ్ళయిన దగ్గర్నుంచి పాపం నీ వెనకే నడుస్తున్నాడు, పోయాక కూడా నీ వెండిజడావిడ వెనకే నడవాలా. బావా, మీరు వింటున్నారుగా. భయపడకుండా చెప్పండి, అక్క పోరు పడలేకే కదా ఆ సంతకం పెట్టారు. అవునైతే ఒకసారి దగ్గండి, నాకు ఇక్కడికి వినబడుతుంది.

మా గిటారాయన నయం. గమ్మున ఉండమంటాడు, అంతే. ఒంట్లో ఏదీ తీసివ్వమనడు.

నీ చిన్నది

ఫిబ్రవరి 9

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. బల్ల దగ్గరే చదివాను, ఒక్క ముక్క వదల్లేదు. మీ బావ పనాపి మరీ నవ్వాడు. భూతద్దం కంట్లోంచి జారి ఒళ్ళో పడేంత నవ్వాడు. దగ్గలేదు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నవ్వడం అయ్యాక మళ్ళీ గడియారం మీదకి వంగాడు. నేను కౌంటర్ దగ్గరకి వచ్చేసి బ్యాటరీలు సర్దుకున్నాను.

ఆయన్ని అడుగుదామని రెండు మూడుసార్లు అనుకున్నాను. ఏమని అడగను. ఏ చీర బాగుందంటే నేను పట్టుకున్నదే బాగుందనే మనిషి. కూరలో ఉప్పు ఎక్కువైందో లేదో ఇప్పటిదాకా ఆయన నోటితో వినలేదు. మా సంతకాల కార్డులు రెండూ పాత వాచీ స్ట్రాపుల సొరుగులో పడేశాను.

నీ గిటారాయన మొన్న మా రోడ్డు మీదుగానే వెళ్ళాడు. ముందు రెండు కార్లు, వెనక ఇంకా ఏవో, అన్నీ గొంతు చించుకుని హారన్ కొడుతూనే పోయాయి. పక్కనే ప్రసూతి ఆస్పత్రి. తాళాలు చేసే మా పక్కకొట్టాయన చెవులు మూసుకుని బయటికొచ్చి, ఎవరైనా మంత్రిగారా అని అడిగాడు. కాదండీ, మౌనం గురించి చెప్పడానికి వెళ్తున్నాడని చెప్పాను.

ఇక్కడంతా కులాసా.

అక్క

ఫిబ్రవరి 24

అక్కా,

నా గిటారాయన మీద నీకింత కోపం దేనికో అర్థం కాలేదు. కార్లు నడిపేవాళ్ళు హారన్ కొడితే ఆయనేం చేస్తాడు. నీ ఉత్తరమంతా బిగదీసుకుని రాసినట్టుంది. "ఇక్కడంతా కులాసా" అని నువ్వెప్పుడు రాశావు. మేనేజరుకి రాసినట్టుంది.

సరే, నువ్వు మొదలుపెట్టావు కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. మా డిపోలో టికెట్లు లెక్కచూసే ఆమెకి మీ వెండిజడావిడ ఇంటివాళ్ళు దూరపు చుట్టాలట. ఆవిడ సొంత తల్లి పోయినప్పుడు కళ్ళు ఇవ్వనే లేదట. తల్లిని అలాగే సాగనంపేశారట. ఊళ్ళో వాళ్ళందరి కళ్ళూ అడిగే మనిషికి తన ఇంటిదాకా వచ్చేసరికి నోరు రాలేదన్నమాట. ఇప్పుడు చెప్పు, నా గిటారాయన గొప్పా, నీ వెండిజడావిడ గొప్పా.

దీనికి కూడా అలిగితే నీ ఖర్మ. బావని అడిగానని చెప్పు. గోడ గడియారాలు పంపితే బాగుచేస్తాడా? మా డిపోలోది మూడు నెలలుగా పన్నెండు దగ్గరే ఆగి ఉంది, డ్యూటీ దిగే టైమ్ ఎప్పటికీ రావట్లేదు.

చిన్నది

మార్చి 15

చెల్లీ,

గడియారం పంపు, చేస్తాడట. అద్దం పగలకుండా గుడ్డలో చుట్టు.

ఆవిడ తల్లి గురించి నువ్వు రాసింది మీ బావకి చదవలేదు. నీ ఉత్తరంలో ఒక పేరా దాటేయడం నాకిదే మొదటిసారి. ఆయన పట్టేశాడు. "పన్ను విరిగిన చక్రంలా మధ్యలో గెంతావే" అన్నాడు. ఏం లేదు, అక్షరాలు అలుక్కుపోయాయన్నాను.

ఇక మన ఉత్తరాల్లో నీ గిటారాయన ఊసూ వద్దు, నా వెండిజడావిడ ఊసూ వద్దు. చిన్నప్పుడు నాన్న రేడియోకి తాళం వేసినప్పుడే వదిలేసి ఉండాల్సింది. మీ బావకి ఈ మధ్య చెయ్యి కొద్దిగా వణుకుతోంది. చిన్న స్క్రూలు నేను పట్టి ఇస్తున్నాను. డాక్టర్ దగ్గరకి రమ్మంటే రేపంటాడు.

అక్క

జూన్ 20

అక్కా,

గదికి చేరాను. దారంతా కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. కండక్టర్ కుర్రది నన్ను గుర్తుపట్టి టికెట్ అడగలేదు.

బావ లేని ఆ బల్ల ఇంకా నా కళ్ళ ముందే ఉంది. ఇంతకీ నేను రాస్తున్నది దాని గురించి కాదు. నీ దగ్గర ఉన్నన్నాళ్ళూ నువ్వు నా మొహంలోకి చూడలేదు. అన్నం పెట్టావు, పక్క వేశావు, మాట్లాడలేదు. ఏం చేశానో నాకు తెలియదు. ఆ రోజు పొద్దున నువ్వు ఫోన్ చేసి "మీ బావ గడియారాలకి కీ ఇస్తూ పడిపోయాడు, ఇక లేడు" అనగానే డ్యూటీ మధ్యలో దిగి, టికెట్ల సంచీ భుజాన అలాగే వేసుకుని వచ్చాను. మధ్యాహ్నానికల్లా నీ పక్కన ఉన్నాను. ఆ యూనిఫారంతో వచ్చానని నామోషీ అనిపించిందా? గట్టిగా ఏడవలేదనా? నాకు నలుగురిలో ఏడుపు రాదు, నీకు తెలుసు.

కోపం ఉంటే తిట్టు. నీ తిట్లకి అలవాటు పడ్డదాన్ని. నువ్వు మాట్లాడకపోతే తట్టుకోలేను.

నీ చిన్నది

జూలై 8

చిన్నదానా,

నీ యూనిఫారం నేను చూడనే లేదు. నీ మీద కోపం లేదని కూడా అనను. అది ఎంత నీ మీదో, ఎంత నా మీదో విడదీయలేక మాట్లాడకుండా ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను, చదువు.

ఆ రోజు నువ్వు వచ్చేసరికి ఆయన పోయి రెండు మూడు గంటలే అయ్యుంటుంది. టైమ్ ఇంకా ఉంది. ఇంటి ముందుగదే కొట్టు కదా, స్ట్రాపుల సొరుగు నా చేతికి అందేంత దూరంలో ఉంది. కార్డు మీద ఫోన్ నంబరు ఉంది. నా చెయ్యి లేవలేదు. నువ్వు నవ్వుతావని కాదు, ఆ పూట నవ్వేంత రాయివి కావని నాకు తెలుసు. నువ్వన్నది నిజమేమోనని భయపడ్డాను. ఆయన నా పోరు పడలేకే సంతకం పెట్టి ఉంటే? నోరెత్తి వద్దనడం తెలియని మనిషి, ఇప్పుడు అడిగినా చెప్పలేని మనిషి. నా పాటల పిచ్చికి ఆయన కళ్ళు తీయించానని తర్వాత నా మనసే నన్ను పొడుస్తుందని అలాగే కూర్చున్నాను. నీవైపు చూశాను. నువ్వొక్క మాట అంటే లేద్దామని చూశాను. నువ్వు నేలచూపులు చూస్తూ ఉన్నావు. టైమ్ అయిపోయింది.

మొన్న కొట్టు తెరిచాను. పక్కకొట్టు తాళాలాయన వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మీ బావ ఆయనతో టీ తాగుతూ చెప్పాడట. "మా ఆవిడ ఆ పాటలావిడ కోసం సంతకం పెట్టిందేమో కానీ, నేను నాకోసం పెట్టాను. ఈ చూపుతోనే ఇన్నాళ్ళు తిన్నాను, దాన్ని మట్టిలో కలపడం నాకిష్టం లేదు. నేను పోయిన పూట మా ఆవిడ ఏ స్థితిలో ఉంటుందో, నువ్వు గుర్తుచెయ్యి" అన్నాడట. నీ ఉత్తరం గురించి కూడా చెప్పుకుని నవ్వుకున్నారట. "మరదలు అన్నది నిజమే, ఎప్పుడూ మా ఆవిడ వెనకే నడిచాను. ఇందులో మాత్రం లైన్లో ముందు నేనే నిలబడ్డాను, అది వాళ్ళకి తట్టలేదు" అన్నాడట.

నిజంగానే తట్టలేదే. నీకు రాసింది నేనే. మోకాళ్ళ నొప్పని రాశాను.

ఆ రోజు గుర్తుచేయడానికి తాళాలాయన వచ్చాడట. డాక్టర్లకి ఎవరికైనా ఫోన్ చేయాలా అని తలుపు దగ్గర ఎవరినో అడిగితే అక్కర్లేదన్నారట. ఇంట్లోవాళ్ళకి ఇష్టం లేదు కాబోలని వెళ్ళిపోయాడట. ఎవరని నేను అడగలేదు.

అక్క

జూలై 19

అక్కా,

నేనే.

ఇంకేమీ రాయకుండా ఈ ఒక్క మాటే పంపుదామనుకున్నాను. కానీ నువ్వంతా రాశావు, నేను దాచుకుంటే న్యాయం కాదు.

ఆ రోజు బస్సులో వస్తున్నంతసేపూ నా బుర్రలో ఆ కార్డులే. నీ పక్కన కూర్చున్నాక "అక్కా, ఆ కార్డులు" అని గొంతుదాకా వచ్చింది. వేళాకోళం చేసిన నోరు ఇదే కదా. ఇదే నోటితో ఇప్పుడు అడిగితే, బావ ముందరే మళ్ళీ నిన్ను దెప్పినట్టు ఉంటుందనుకున్నాను. నువ్వు నావైపు చూడటం నాకు తెలుసు. నోరు తెరిస్తే తిట్టేటట్టున్నావనుకుని తల దించుకున్నాను. నువ్వే లేస్తావు, నువ్వు లేస్తే నేను ఫోన్ చేద్దామని చూస్తూ కూర్చున్నాను.

తాళాలాయన వచ్చినప్పుడు తలుపు దగ్గర ఉన్నది నేనే. "డాక్టర్లకేమైనా చెప్పాలామ్మా" అన్నాడు. "అయిపోయింది కదండీ, ఇక డాక్టర్లెందుకు" అన్నాను. ఆయన ఇంకేదో అనబోయాడు. నువ్వు ఏడుస్తున్నావు, నలుగురు వచ్చి నిన్ను చూడటం నాకు నచ్చలేదు. తలుపు నేనే దగ్గరికి వేశాను.

మా రూట్లో ఆస్పత్రి స్టాపులో చూపు లేని ఒకాయన రోజూ దిగుతాడు. ఇన్నాళ్ళూ చెయ్యి పట్టి దించి, ఏదో ఒకటి వాగేదాన్ని. ఈ మధ్య ఆయన్ని దించేటప్పుడు నోరు పెగలట్లేదు. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా, హారన్లు ఆపావు కానీ నువ్వు కూడా ఆగిపోయావే" అన్నాడు నిన్న. బస్సెక్కి ఏడ్చాను, నలుగురిలోనే.

నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించేస్తావు. బావ క్షమించలేడు కదా. మన రేడియో గొడవలో బావకి ఏ సంబంధమూ లేదు, అక్కా. మధ్యలోకి లాగింది నువ్వు కాదు, నేను.

చిన్నది

నవంబరు 3

ఒసేయ్ చిన్నదానా,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. రాయడానికి కూర్చుంటే, నీ జవాబు వచ్చినా చదివి వినిపించడానికి ఎవరూ లేరని గుర్తొచ్చి లేచేదాన్ని. నీ పాత ఉత్తరం ఒకటి తీసి బల్ల దగ్గర ఊరికే పైకి చదివాను ఒకరోజు. బాగాలేదు.

వెండిజడావిడ మళ్ళీ వచ్చింది. వెళ్ళకూడదనుకుని, అలవాటుగా రెండు టికెట్లు కొని, వెళ్ళాను. పక్క కుర్చీలో నా సంచీ పెట్టుకున్నాను. పాటలు చెవిలో పడ్డాయి కానీ మనసుకెక్కలేదు.

తర్వాత ఆవిడ మాట్లాడింది. ఈసారి ఒక మాట కొత్తగా చెప్పింది. "మా అమ్మ పోయిన రోజు అందరం ఉన్నాం. అమ్మకి ఇష్టమని నాకు తెలుసు. తమ్ముళ్ళేమంటారోనని నేను, నేనేమంటానోనని తమ్ముళ్ళు, ఎవరం నోరెత్తలేదు. అప్పట్నుంచి ఊరూరా తిరిగి మీ అందరినీ అడుగుతున్నాను. అప్పుడు ఒక్కసారి అడిగి ఉంటే ఇన్నిసార్లు అడగాల్సిన పని ఉండేది కాదు" అంది. నీ డిపో ఆమె చెప్పింది అబద్ధం కాదే. మనమే దాన్ని తప్పుగా చదువుకున్నాం.

కళ్ళు ఇచ్చినవాళ్ళ ఇంటివాళ్ళని నిలబడమంది. నిలబడ్డారు. నేను కూర్చునే ఉన్నాను. నా వెనకామె వంగి, మీ వాళ్ళెవరైనా ఇచ్చారా అంది. ఇద్దామనుకున్నారండీ అన్నాను. చప్పట్లు కొట్టాను.

లైన్లో నిలబడ్డాను. పాత కార్డు ఉంది, కానీ మళ్ళీ సంతకం పెట్టాలనిపించింది. ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. గడియారాల కొట్టు అని చెప్పగానే తలెత్తి, "ఎడమ కన్ను కొత్తదన్నారే, వారు రాలేదా" అంది. పోయారన్నాను. ఆవిడ అడగకముందే, ఇవ్వలేకపోయామండీ అన్నాను. పోయినసారి ఆయన చెయ్యి పట్టుకున్నంతసేపు నా చెయ్యి పట్టుకుంది. వెనకవాళ్ళు విసుక్కున్నా వదల్లేదు. ఈసారి నాకు సంతోషం వేయలేదు.

కార్డులో, పోయాక ఎవరికి కబురు చేయాలి అని ఒక గడి ఉంది. పోయినసారి అక్కడ ఆయన పేరు రాశాను, ఆయన నా పేరు రాశాడు. ఈసారి నీ పేరు రాశాను. కార్డు ఇందులో పెడుతున్నాను, నీ టికెట్ల సంచీలో ఉంచుకో. ఖాళీ కార్డు ఒకటి నీకూ పంపుతున్నాను. ఇష్టమైతేనే పెట్టు, నా పోరు పడలేక పెట్టకు. పెడితే ఆ గడిలో నా పేరు రాయి.

నేను పోయానని తెలిసినప్పుడు పరిగెత్తుకుని రాకు. బస్సెక్కేముందు ఆ నంబరుకి ఫోన్ చెయ్యి, సరేనని నువ్వే చెప్పు. ఎవరి మొహమూ చూడకు, ఎవరేమంటారోనని ఆలోచించకు. ఏడుపుకి తర్వాత బోలెడు టైమ్ ఉంటుంది. నా పాటల పిచ్చి మీద నవ్వుకోవాలన్నా, ఫోన్ చేశాక నవ్వుకో.

నీ అక్క